తమ్ముడు కొన్న ఇటలీ కారు

నా తమ్ముడు కారు కొంట అన్నప్పుడు నేను చేతిల ఉన్న చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ తిట్టిన. కండ్లు పోతున్నయని దవాఖానల చెప్పి నెల గూడ కాలే. మీసాలొచ్చినప్పటి సంది కారు తోలి బతికినోడు, ఇగ తోలొద్దని డాక్టరమ్మ మొహం మీదనే చెప్పింది. నడిపే క్యాబు అమ్మేసిండు. ఆ వచ్చిన దాంట్లకెల్లి మల్ల కారు కొంటడట!

"నీకేమన్న దిమాక్ ఖరాబయిందారా? తోలెటోనికి కండ్లు లేవంటుంటే కారెందుకు?" అన్న.

"కండ్లున్నప్పుడే కొంట అంటున్న గదక్కా. పోయినంక కొంట అంటలేను" అని నవ్విండు. వాని నవ్వు చూస్తే నాకు కోపం ఇంకింత పెరిగింది. అమ్మ పోయినంక వాణ్ని సాదింది నేనే. తిట్టే హక్కు నాకు గాక ఎవరికుంటది?

వాని జబ్బు అదొక తీరుది. చూపు ఒక్కసారి పోదు. పక్కలకెల్లి తరుక్కుంట తరుక్కుంట నడుమకు వస్తది. ముందుగాల రేచీకటి అనుకున్నడు, ఎవ్వలకు చెప్పలే. ఒకనాడు పొద్దుమూకంగ బొంగులూరు కాడ రింగు రోడ్డు దిగుతుంటే బండి పోయి డివైడర్‌కు రాసుకున్నది. ఎవ్వలకేం కాలే గని, ఎనుక కూసున్నోళ్లు నానా మాటలన్నరట. అప్పుడు దవాఖానకు తోల్కపోయిన. దీనికి మందు లేదన్నరు. నడుమ మిగిలిన చూపు ఎన్నాళ్లుంటది అంటే, కొందరికి ఏండ్లు, కొందరికి నెలలు, చెప్పలేం అన్నరు.

వాడు అడిగిన కారు మామూలు కారు కాదు. చిన్నప్పుడు పట్నంల ఒక పెద్దాయన ఇంట్ల బండ్లు కడిగే పనికి ఉండె. ఆయనకొక పసుపుపచ్చ కారుండేది. ఇటలీ కంపెనీది, మన దేశంల తక్కువనే అమ్మిన్రట. టీవీల చూపిచ్చే నేలకు ఆనుకొని పోయే కారు కాదది. చూస్తందుకు బుడ్డది, లోపల ఇంజను మాత్రం పెద్దది. కాలు పెడితే ఎగిరి దుంకుతదని మావోడు కథలు కథలుగ చెప్పేటోడు. ఆ పెద్దాయన కడగనిచ్చేటోడు, తుడవనిచ్చేటోడు, తాళం మాత్రం చేతికియ్యలే. అటెనుక మావోడు డ్రైవరయిండు. తోలినయన్నీ ఎవరెవరియో తెల్ల బండ్లు. సొంతంగ క్యాబు కొన్నడు, దానికేమో స్పీడు లాకు. ఎనభై దాటనియ్యదు.

"ఒక్కసారక్కా. నాది అనుకునే బండిల, ఆ పసుపుపచ్చ దాంట్ల, రింగు రోడ్డు మీద లాకు లేకుండ పోవాలె. తర్వాత చీకటయినా ఫికర్ లేదు" అన్నడు. ఇగ నేనేం తిడత? 

అసొంటి కారే ఒకటి జల్‌పల్లిల ఒకాయన వాకిట్ల దొరికింది. నేను బస్సు కండక్టరును. డ్యూటీ లేని రోజు చూసుకొని ఇద్దరం పోయినం. రంగు ఎండకు తెల్లబారిపోయింది. టైర్లల్ల గాలి లేదు. డోర్ తీస్తే ఎనుక సీట్ల కోడి పొదిగి ఉన్నది.

"ఇటలీ మాల్ అక్కా, గిసొంటిది మల్ల దొరకదు" అన్నడాయన.

"దొరకకుంటెనే మంచిదన్నా. ఇది కొనుక్కపోతే నీ కోళ్లు యాడుంటయి పాపం" అన్న నేను. ఆయన గూడ నవ్విండు. కోళ్ల పేరు చెప్పుకొని ధర తగ్గించిన. మావోడు మాత్రం మా బేరం వింటలేడు. బానెట్ మీద చేయి పెట్టి, చుట్టూ తిరుక్కుంట, ప్రతి మూల తడిమి చూస్తున్నడు. ఇష్టం కొద్ది తడుముతున్నడా, కనబడక తడుముతున్నడా అని నాకు సమజ్ కాలే.

కారు ఎత్తుకొచ్చే బండి మీద ఇబ్రహీంపట్నం తెచ్చి మెకానిక్ షెడ్డుల దింపినం. గల్లిలోళ్లు వచ్చి చూసి, "గిదేనా స్పోర్ట్స్ కారు? మా ఆటో దీనికన్న ఊపుగుంటది" అని ఎక్కిరిచ్చిన్రు. మెకానిక్ పిలగాడు మంచోడే గని, సామాను దొరకాలె కదా! ఆ కంపెనీ ఇక్కడ అమ్ముడు బందు చేసి ఏండ్లాయె. ఒక బెల్టు కోసం ఒక ఊరికి, గేరు సామాను కోసం ఇంకో ఊరికి ఫోన్లు. పాత ఇనుప సామాను కొట్లల్ల ఎతుకుడు. కొత్తది కొనే తాహతు మాకు లేదు, పాతది దొరకదు. వారం అన్నది నెలయ్యేది. మావోడు దినాం పోయి షెడ్డుల కూసునేటోడు. నేను డ్యూటీ దిగి, యూనిఫాం మీదనే పోయి మెకానిక్ మీద పడేదాన్ని. "తమ్మీ, నీకు కారు రిపేరే కావచ్చు. మాకు గట్ల కాదు. నీ పని ముందయితదా, వాని కండ్లు ముందు పోతయా అన్నట్టున్నది మా కథ" అన్న ఒకనాడు. ఆ పిలగాడు మల్ల ఫోన్ అందుకున్నడు. వాణ్ని అని ఏం లాభం?

అన్నం తినేటప్పుడు పక్కన పెట్టిన నీళ్ల చెంబు మావోడు రోజూ తన్నుతుండె. మెల్లగ నేను పక్కన పెట్టుడు మానేసి ఎదురుంగ పెట్టుడు మొదలువెట్టిన. 

ఎట్లనో జ్యేష్ఠమాసం ఆఖరుకు బండి తయారయింది. రంగు గూడ కొట్టించినం. మెకానిక్ తాళం తిప్పంగనే గుర్రుమన్నది. అబ్బా, ఆ సప్పుడు! మావోడు ఆడనే షెడ్డుల, నూనె మరకల మీద కూలబడి ఏడ్చిండు. అప్పటికి వానికి ఎదురుంగ కనబడుతుండె. కంటికి చేతిగాజు అడ్డం పెట్టుకొని దాని నడుమకెల్లి చూసినంత చూపు. రోడ్డు ఖాళీగుంటే ఆ చూపుతోటి పోవచ్చు అన్నడు. తెల్లారి పొద్దుగాలనే, బండ్లు రాకముందే, మెకానిక్‌ను పక్కన కూసోపెట్టుకొని రింగు రోడ్డు ఎక్కుదామని మాట అనుకున్నం.

ఇంట్ల చెప్పంగనే మా మరదలు మొహం మాడిపోయింది. తను కోస్తా పిల్ల. వాళ్లమ్మనాన్నలు బడంగ్‌పేట్‌ల స్థిరపడ్డోళ్లు. మావోడు ఇష్టపడి చేసుకున్నడు. మెత్తటి మనిషి. డివైడర్ సంగతి విన్నకాడికెల్లి భయం పట్టుకున్నది పాపం.

"రేపటి నుంచి ఆషాఢం వదినా. ఆషాఢంలో బండి బయటికి తియ్యకూడదు. శ్రావణం రాగానే పూజ చేయించి తీద్దురుగాని. ఒక్క నెలే కదండీ" అన్నది, సగం నాతోటి, సగం మొగనితోటి.

"కొన్నది పాత బండేనాయె. పాతదానికి ఆషాఢమేందమ్మా?" అన్న నేను.

"మనకి కొత్తదేగా వదినా" అన్నది. కండ్లల్ల నీళ్లు.

మావోడు ఆమె మాట ఎన్నడు తీసెయ్యడు. "పోనీయక్కా. దాని మనసెందుకు నొప్పించుడు? నెల ఎంతలకు పోతది" అన్నడు. ఎదురుచూసేటోనికి నెల అంత జల్ది పోతదా? గల్లిల బోనాల డప్పులు మోగుతుంటే, వాడు వాకిట్ల బండిల కూసొని స్టీరింగ్ పట్టుకొని దినాలు లెక్కవెట్టుకున్నడు.

ఆ నెలలనే మిగిలిన చూపు పోయింది. ఒకనాడు పొద్దుగాల నేను డ్యూటీకి బయలెల్లుతుంటే వాకిట్ల నిలబడి, "ఇయ్యాల మబ్బు పట్టిందా అక్కా?" అని అడిగిండు. ఎండ ఫెళ్లున కొడుతున్నది. వాని మొహం మీదనే పడుతున్నది.

"అవ్ రా, మబ్బే" అన్న.

వానికి తెలిసిపోయింది. చెమటపట్టిన తన చెంప తుడుసుకొని, నా చేయి గట్టిగ పట్టుకొని, "దానికి చెప్పకు. ఆషాఢం అని తను ఆపినందుకే గిట్లయిందని అనుకుంటది. జన్మంత ఏడుస్తది" అన్నడు. ఆ మనిషికి ఆ పొద్దు గూడ పెండ్లం ఏడుస్తదన్న ఫికరే. మామూలు చెకప్ అని ఆమెకు చెప్పి దవాఖానకు తోల్కపోయిన. ఆషాఢానికి దీనికి ఏం సంబంధం లేదు, పోయేది పోతది అన్నరు. అదంతా నాకు తెల్వదా? గని ఆ నెల ముందు వాడు రోడ్డెక్కి ఉంటే చూసుకుంట పోయెటోడు. ఆ మాట నన్ను ముల్లు లెక్క ఇప్పటికీ గుచ్చుతది.

శ్రావణమాసం మొదటి శుక్రవారం పూజయింది. పసుపు, కుంకుమ, పూలదండ, టైర్ల కింద నిమ్మకాయలు. మావోడు స్టీరింగ్ కాడ కూసున్నడు. ఇల్లు, వాకిలి, గల్లి వానికి చూడకున్నా తెలుసు, అందుకే ఇన్నాళ్లు ఆమెకు దొరకలే. పక్కన నేను, ఎనుక మెకానిక్. నిమ్మకాయల మీదికెల్లి బండి కదిలింది. మా మరదలు గేటు కాడ నిలబడి రెండు చేతులు జోడించింది. గల్లి మలుపు తిరగంగనే బండి ఆపి, మెకానిక్‌కు ఇచ్చి ఎనుకకు జరిగిండు. వచ్చేటప్పుడు ఇదే మలుపు కాడ మల్ల స్టీరింగ్ తీసుకొని ఇంటి ముందు తనే దిగాలెనని వాని ఉపాయం.

రింగు రోడ్డు ఎక్కనియ్య అని నేను మొండిగ చెప్పిన. బొంగులూరు అవతల ఒక వెంచర్ ఉన్నది. ప్లాట్లు అమ్మిన్రు, తారు రోడ్లేసిన్రు, ఇండ్లు మాత్రం ఒక్కటి లేవు. ఆడికి తీసుకపోయినం. ఎవ్వలు లేకుండ అక్క, నేను తిరుగుతం అని మావోడు మెకానిక్‌తోటి ఫోన్ చేపిచ్చి, వాని దోస్తును పిలిపిచ్చి ఆ బండి మీద పంపిచ్చేసిండు.

"చెప్పక్కా" అన్నడు, స్టీరింగ్ పట్టుకొని.

బస్సు ఎనుకకు తీసేటప్పుడు డ్రైవర్‌కు చెప్తం కదా, గట్లనే చెప్పిన. రానీ, రానీ, కుడికి కొట్టు, చాలు, సీదా. ఒక చుట్టు తిరిగినం. రెండో చుట్టుకు వాని భుజాలు నిమ్మలమయినయి. "ముందటేమన్న ఉన్నదా?" అన్నడు. పొడుగు రోడ్డు, ఖాళీగ ఉన్నది. ఏం లేదన్న. కాలు పెట్టిండు. ఓరి దేవుడా! సీటుకు అంటుకపోయిన నేను. వాడు గట్టిగ నవ్వుతున్నడు. చిన్నప్పటి సంది అసొంటి నవ్వు ఇనలే నేను. నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చినయి.

గడ్డిలకెల్లి బర్రె ఒకటి రోడ్డు మీదికొచ్చింది. "ఆపురా!" అని ఒర్లిన. బ్రేకు తొక్కిండు. బండి గుంజుకుంట పోయి బర్రెకు జానెడు దూరంల ఆగింది. ఆ బర్రె కదలలే. బానెట్ ముందల నిండుగ నిలబడి మమ్మల్నే చూస్తున్నది.

"ఏమొచ్చిందక్కా?"

"బర్రె."

"యాడ?"

"ఎదురుంగనే ఉన్నదిరా" అన్న. 

చానాసేపు ఎదురుంగనే చూసిండు. తర్వాత తాళం తీసి నా ఒళ్ల పెట్టిండు. దిగి, బండి మీద చేయి వేసుకుంట ఇటు పక్కకు వచ్చి, "జరుగక్కా. నువ్వు తోలు" అన్నడు. వాడే ఎన్నడో నాకు క్యాబు మీద నేర్పిండు, లైసెన్సు గూడ ఇప్పిచ్చిండు. మల్ల ముట్టింది లేదు. మెకానిక్‌ను పిలుస్త అన్న. "వద్దు. మన బండి మనోళ్లే ఇంటికి తేవాలె" అన్నడు. నేను తోలుతుంటే, ఇంజను సప్పుడు ఇనుకుంట, ఇప్పుడు క్లచ్ ఒత్తు, ఇప్పుడు గేరు మార్చు అని పక్కకెల్లి చెప్పిండు. ఒక్కసారి గూడ తప్పు చెప్పలే.

గల్లి మలుపు కాడ ఆపి, "ఇగ నువ్వు రా" అన్న.

"వద్దక్కా. గల్లిల పోరలు ఆడుకుంటుంటరు" అన్నడు.  అట్లనే గేటు ముందటికి తీసుకపోయి ఆపిన.

మా మరదలు దిష్టి తీసే ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకొని మెట్లు దిగొచ్చింది. మొహం నిండ నవ్వు. సక్కగ స్టీరింగ్ పక్కకే వచ్చి, కిటికీల చూసింది. నన్ను చూసింది. నా పక్కకు చూసింది.  పళ్లెం ఒరిగి ఎర్రనీళ్లు డోర్ మీద ఒలికినయి. ఆమె సప్పుడు లేకుండ బండి ముందటికెల్లి అవతలి పక్కకు తిరిగింది.

ఆమె అడుగుల సప్పుడు నా కిటికీ కాడికొచ్చి ఆగినంత మట్టుకే వానికి ఇనబడ్డది, అవతలికి తిరిగింది తెల్వదు. నా కిటికీ దిక్కు మొహం పెట్టి నవ్విండు.

"రింగు రోడ్డు మీద మస్తు కొట్టిన పిల్లా! మొత్తం నేనే తోలిన. అక్క సరదా పడ్డదని గల్లి మలుపు కాడ ఇచ్చిన, గంతే. నెల ఆగినమని ఏం నష్టం కాలే, నీ మాట ఇనుడే మంచిదయింది" అని ఖాళీ కిటికీకి చెప్తున్నడు.

ఆమె వాని ఎనుక, వాని కిటికీ కాడ నిలబడి, పళ్లెం పట్టుకొని అంతా ఇంటున్నది.