సీరియల్ ముఖ్యమంత్రి వేసిన రైలు

నిన్న ఫోన్‌లో ఒక రాజకీయ సీరియల్ ఎపిసోడ్ కింద అభిమానుల తిట్లు చదివాను. అందులో ముఖ్యమంత్రి ప్రసంగం ఎవరూ నమ్మేలా లేదట.

బతుకుదెరువుకు ఊరు విడిచొచ్చి నాతో ఉన్న నవాగామ్ దోస్తులారా, లాక్‌డౌన్‌లో మిల్లుల్లో బట్ట నేసే సాంచాలు బందైతే గల్లీ అంతా మా ఇంటి టీవీ ముందు కూర్చునేది, గుర్తుందా? ఒక సాయంత్రం ఇలాంటి సీరియల్‌లోనే ముఖ్యమంత్రి, "కూలీలను రేపే రైళ్లలో ఊళ్లకు పంపుతాం" అన్నాడు. అప్పుడే గడప దగ్గరికొచ్చిన పక్కింటి మల్లేశం మామ, అవి వార్తలనుకుని తన గదికి ఉరికాడు. నేను వెళ్లేసరికి నూలు దుమ్ము వాసన కొట్టే బొంతను చుట్టి తాడుతో కట్టేశాడు.

"మామా, గవి వార్తలు గావు, సీరియల్," అన్నాను.

ఆయన బొంత మూట విప్పలేదు.

మరునాడు అందరికంటే ముందే వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు.

"జర సప్పుడు జేయకుండ్రి. రైలు కదుల్తదో లేదో జూద్దాం."