ఎడమకు పోయిన విమానం

ఆ రోజుల్ల ఇంజనీరు కావాల్నంటే చదువు ఉండాలె గని, ఇంజనీరని పిలిపించుకోవాల్నంటే అంగీ జేబుల టెస్టర్ ఒకటి ఉంటే సాలు. నాకు టెస్టర్ ఉండె. ఎనభైల మాట ఇది. మాదన్నపేట మార్కెట్ కాడ మాది బట్టల దుకాణం. బాపు గద్దె మీద కూసుంటే నేను గుడ్డ కొలిచెటోణ్ణి. నా పానమంత కొత్తగ వచ్చిన వీడియో గేమ్ దుకాణాల మీదనే ఉండె. జహనుమా బస్తీల అసొంటి దుకాణం ఒకటి మూతబడితే దాంట్ల గేమ్ బోర్డు ఒక దోస్తు నాకు తెచ్చిచ్చిండు. ఇంట్ల పాత టీవీ ఉండె. ఇగ కావల్సింది ఒక పెట్టె, దాని ముందట ఆటను నడిపే పుల్ల, మీటలు బిగించిన పలక. గుడ్డ కొలుసుడు నాతోని కాదు, దుకాణంల సగం ఇస్తే రిపేర్ల షాపు పెట్టుకుంట అని బాపును అడిగిన. ముందుగాల ఆ పెట్టె ఆడించి సూపెట్టుమన్నడు. ఆడకపోతే షాపు మాట మళ్ల తియ్యొద్దన్నడు.

పాత అల్మారి తలుపు కోసి పలక చేసిన. అమ్మ చపాతీ కర్ర పిడి పుల్లయింది (అమ్మ కొన్నాళ్లు సీసాతోని రొట్టెలు ఒత్తింది). మీటలకు ఇంటి బెల్లు స్విచ్చులు పెట్టిన. మా ఇంట్ల టెస్టర్ నాకొక్కనికే ఉన్నా, సలహా అందరికి ఉండె. మేనత్త, కింద కూసోని ఆడేటట్టు పలక కిందికి దించుమన్నది. మేడ మీద కిరాయికుండే కోస్తా ఆఫీసరు గారు, సర్కారు నౌకరి కాబట్టి, పని గట్టుకొని దిగొచ్చిండ్రు. "పేల్చే మీట అందరి చేతికీ ఇవ్వకూడదండీ. పక్కన పర్మిషన్ మీట ఒకటి పెట్టండి, అది నొక్కాకే ఇది పేలాలి" అన్నరు. పెద్దమనిషి మాట తీసెయ్యలేక దానికీ ఒక బొక్క కొట్టిన. (దాంట్ల మీట ఎన్నడు పెట్టలే. వచ్చిపోయెటోళ్లు బీడీలు ఆర్పనీకె పనికొచ్చింది.)

ఆదివారం అందరు జమైనంక స్విచ్చేసిన. టీవీల విమానం కనబడ్డది. పుల్ల కుడికి తోస్తే అది ఎడమకు పోయి గుద్దుకొని పేలింది. మళ్ల తోసిన, మళ్ల గట్లనే. అప్పుడు సమజైంది: పలకను బోర్లేసి అడుగు నుంచి వైర్లు కలిపిన, కుడి ఎడమలు తారుమారైనయ్. చెప్తే దుకాణం పాయె. "జపాన్ల గిట్లనే ఉంటదట, మెదడుకు పదును" అన్న.

అందరికన్న ముందు తల ఊపింది ఆఫీసరు గారే. "మా ఆఫీసులోనూ ఇంతేనండీ. ఇటు పంపిన ఫైలు అటే పోతుంది. అలవాటు పడాలి" అని కూసున్నరు. నమ్ముతరో లేదో, ఆయనను ఓడించెటోడు గల్లీల మళ్ల పుట్టలే. మా పెట్టె మీద నేర్చిన పోరగాళ్లు బయట దుకాణాలల్ల ఓడిపోయొచ్చి, ఆ దుకాణాలోళ్లకు మిషిన్లు చేయరాదని లొల్లి చేసెటోళ్లు. బాపు మాత్రం రోజు లెక్కనే గుడ్డ కొలువుమని గజం బద్ద నా చేతికిచ్చెటోడు.

ఒకనాడు మధ్యాహ్నం గిరాకి లేనప్పుడు ఇంట్లకొచ్చి, చెప్పులు విడిచి, పెట్టె ముందు బాసింపట్ట వేసుకొని కూసున్నడు. జర సేపు పుల్ల అటు ఇటు తోసి చూసిండు.

"కుడికి పొమ్మంటే ఎడమకు పోతున్నది. అచ్చం నీ లెక్కనే" అన్నడు. లేచి చెప్పులేసుకుంట, "అయినా పోతున్నది గద" అన్నడు. తెల్లారి దుకాణంల ఒక పక్క అరలు ఖాళీ చేయించిండు.

ఇప్పుడు నేను ఏ పనైనా నలుగురిని అడిగి, మంచి చెడ్డలు చూసి మొదలుపెడుత. శానా మటుకు మొదలే పెట్టను. జపాన్ ఏ దిక్కున ఉంటదో ఎరుగకుండ దాని మీద ఒట్టేసినంత ధీమాగ చెప్పిన ఆ పోరడు యాదికొస్తే నవ్వొస్తది. జరంత కుళ్లు గూడ పుడుతది.