మామ్మ చేతుల్లో పెట్టిన పుస్తకం

ఈ అరబ్బు దేశంలో, డేరా అనే పేటలో, పడవలు తిరిగే క్రీక్ వైపు కిటికీలున్న ఆ పాత ఫ్లాట్‌లో, అలస్టర్ గారి మంచం కింద నుంచి లాగి తెరిచిన రేకు పెట్టెలోంచి మొదట వచ్చింది లవంగాల వాసన. దాని వెనకే పాత కాగితం వాసన, కాస్త బూజు, కాస్త పొగాకు. కింద వీధి నిండా మసాలా దినుసుల దుకాణాలే కాబట్టి లవంగాల వాసన నాకు కొత్త కాదు. కానీ బస్తాల్లో ఉన్న లవంగం వాసన వేరు, ఏళ్ల తరబడి కాగితాల మధ్య పడి ఉన్న లవంగం వాసన వేరు. కరోనా తగ్గిన మరుసటి ఏడు అది. ఆయన స్కాట్లాండ్ మనిషి, ఓడల ఇంజనీరుగా వచ్చి నలభై ఏళ్లుగా ఇక్కడే ఉండిపోయినవాడు. నేను పగటిపూట ఆయన్ని చూసుకునే నర్సుని. ఆయన సొంత ఊరి దగ్గర పాత కుటుంబాల ఉత్తరాలూ కాగితాలూ భద్రపరిచే చోటొకటి ఉందట, కన్ను మూసేలోగా తన వాళ్లవి అక్కడికి చేర్చాలని ఆయన కోరిక. సర్దడానికి కూర్చున్నదాన్ని, చాలాసేపు ఏ కాగితమూ ముట్టుకోలేకపోయాను. మా మామ్మ బైబిలుకి సరిగ్గా ఆ వాసనే ఉండేది.

మాది గోదావరి జిల్లాలో కాలవ గట్టున ఉన్న క్రైస్తవుల పేట. మామ్మ, అంటే మా నాన్న తల్లి, మిషను వారి దగ్గర బైబిల్ స్త్రీగా పని చేసింది. నల్ల గొడుగు, గుడ్డసంచి పట్టుకుని ఊరూరా నడిచి ఆడవాళ్లకు వాక్యం చెప్పడం, అక్షరాలు నేర్పడం ఆమె పని. ఆకూవక్కా నమిలే అలవాటు దొరసాని మాన్పిస్తే దాని బదులు బుగ్గన లవంగం పెట్టుకోవడం నేర్చుకుంది, పురుగు పట్టకుండా బైబిలు పుటల మధ్య కూడా నాలుగు లవంగాలు, ఒక వసకొమ్ము, ఎండిన వేపాకు ఉంచేది. పొద్దు వాలే వేళకు కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుని, పాత తెల్లచీర ముక్కలోంచి ఆ పుస్తకాన్ని పసిబిడ్డను విప్పినట్టు విప్పేది.

దాని చివర ఖాళీ పుటలుండేవి. మా ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరు బాప్తిస్మం తీసుకున్నా, ఎవరికి పెళ్లయినా, ఎవరిని ప్రభువు పిలుచుకున్నా అక్కడే రాసేవారు. కాలవ పొంగి చర్చి మెట్ల దాకా నీళ్లొచ్చిన సంగతి, తప్పిపోయిన గేదె దొరికిన సంగతి కూడా అందులో ఉండేవి. మా అమ్మ ఎస్తేరమ్మ, నాకు నాలుగేళ్లప్పుడు తమ్ముణ్ణి కని చనిపోయింది. తీయించుకున్న ఒక్క పెళ్లి ఫోటో తుఫానులో ఇల్లు కూలినప్పుడు పోయింది. మిషను బడిలో చదువుకున్న ఆమె గుండ్రటి చేతిరాత మాత్రం ఆ పుటల్లో ఒకచోట మిగిలింది, నేను పుట్టినప్పుడు రాసుకున్నది.

నా పుట్టినరోజు డిసెంబరులో. అప్పటికి వరి కోతలై చేలల్లో కొయ్యకాళ్లు మిగిలేవి, తెల్లారి మంచులో కాల్చిన తేగల వాసన వచ్చేది, మగవాళ్లు చర్చికి సున్నం వేస్తుంటే కుర్రాళ్లు వెదురు బద్దలతో నక్షత్రం కట్టి ఎర్రకాగితం అంటించేవారు, ఆడవాళ్లు తడిపిండి దంచి బెల్లం పాకం పట్టి అరిసెలు, పోకుండలు వండి కుండలకెత్తేవారు, ఒకే తాను గుడ్డలోంచి నాకూ తమ్ముడికీ బాబాయి పిల్లలకూ కుట్టించిన బట్టలేసుకుని మేమంతా ఒకే గూటి పిట్టల్లా తిరిగేవాళ్లం. గచ్చకాయలాడుతున్న నన్ను మామ్మ అరుగు మీద నుంచి పిలిచేది.

"ఒసే పిల్లా, ఇలా రా. మీ అమ్మ నీ గురించి ఏం రాసిందో ఇందూగాని."

"ఏటేటా అదేగా మామ్మా!"

"అదే మరి. ఇంకోటి రాయడానికి అదేమన్నా ఉందేంటే, మొద్దుమొహమా!"

కళ్లజోడు సర్దుకుని చదివేది. ఆదివారం, ఆరాధన ముగిసే వేళకు ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత ఇంకో వాక్యం, 'పిల్ల' అని మొదలయ్యేది. అది చదవగానే మామ్మ నవ్వేది, బాబాయి నవ్వేవాడు, ఎప్పుడూ నవ్వని మా నాన్న కూడా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. నేను ఉడుక్కుని గచ్చకాయల దగ్గరికి పరుగెత్తేదాన్ని.

నాకు పదకొండేళ్లప్పుడు మామ్మ పోయింది. పేటంతా వాకిట్లో ఉంది, పెట్టెలో ఆమెను పడుకోబెట్టారు, పాటలు పాడుతున్నారు. సంఘం అయ్యగారు పెట్టెలోకి చూసి, "ఇంత సేవ చేసిన తల్లిని ఒట్టి చేతుల్తో పంపుతారా? ఆవిడ బైబిలేదమ్మా?" అన్నారు. మా వాళ్లలో అది మర్యాద. వాక్యాన్ని ప్రేమించిన మనిషికి వాక్యాన్ని చేతికిచ్చి సాగనంపుతాం. అది ఎక్కడుందో నాకు తెలుసు. పెద్దవాళ్లెవరూ కదలకముందే లోపలికి పరుగెత్తి, తెల్లగుడ్డ విప్పి, తెచ్చి నా చేతుల్తోనే ఆమె చేతుల కింద పెట్టాను. "పిల్లకి ఎంత భక్తే!" అని ఒక ముసలమ్మ నా తల నిమిరింది. నేను పొంగిపోయాను. మేకులు కొడుతున్నప్పుడు అందరికంటే గట్టిగా పాడాను.

వారం తర్వాత నాన్న నాకు జడ వేస్తూ, "అందులో మీ అమ్మ రాతుందమ్మా," అన్నాడు. అంతే. తిట్టలేదు, ఆ తర్వాత ఆయన పోయేదాకా ఆ మాట ఎత్తలేదు. పెట్టె మూసేటప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. అందరి ముందూ దేవుని పుస్తకాన్ని వెనక్కి తీసుకోమని ఎలా అనగలడు?

అలస్టర్ గారి కాగితాలు సర్దడానికి రెండు నెలలు పట్టింది. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయాలి, కాగితాన్ని తినని, ఆమ్లం లేని అట్టల మధ్య పెట్టాలి, పెన్ను తగలకూడదు, ప్రతిదానికీ పెన్సిలుతో నంబరు వేయాలి. గొర్రెలు ఈనిన కబుర్లున్న ఉత్తరాలు, చాకలి పద్దు, బడి నుంచి వచ్చిన ఫిర్యాదు. ఒకరోజు నా అరచేయంత చీటీ దొరికింది. ఆయన మామ్మ తన పిల్లలకు రాసి పెట్టి వెళ్లినది: పాలు మూత పెట్టాను, పిల్లిని లోపలికి రానీయకండి. దానికీ ఒక నంబరు వేయమన్నారు ఆయన. నా ముఖం చూసి, "మీ వాళ్ల కాగితాలు ఎవరి దగ్గరున్నాయి సిస్టర్?" అని అడిగారు.

"మట్టిలో సార్," అన్నాను. అంతా చెప్పాను. ఆయన గుర్తున్నంత వరకు రాసివ్వమన్నారు, తన వాళ్ల కాగితాలతో పాటు పంపుతానన్నారు.

ఆ వారంలోనే మా బాబాయి పోయాడని తమ్ముడు ఫోన్ చేశాడు. మా సమాధుల దొడ్డి చాలా చిన్నది, చుట్టూ రొయ్యల చెరువులు. చోటు లేక పాత సమాధులే మళ్లీ తవ్వుతారు. బాబాయికి మామ్మ సమాధి తవ్వుతున్నారట.

"ఒరేయ్, నువ్వు దగ్గరుండు. మెల్లగా తవ్వమను. పుస్తకం ఉంటుంది."

"నీకు మతి పోయిందేంటక్కా? ముప్పై ఆరేళ్లయింది. కాలవ గట్టు నేలది."

"ఉండరా నాయనా. అట్టముక్కయినా సరే."

వాడు అమ్మను చూడలేదు. అయినా ఎండలో నిలబడ్డాడు. మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఏం లేదక్కా. అడుగంతా ఊటనీళ్లే. చేత్తో కూడా దేవాను," అన్నాడు.

మర్నాడు పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. ఆదివారం, ఆరాధన ముగిసే వేళకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల. అక్కడ ఆగిపోయింది. వాళ్ల నవ్వులు నాకు వినిపిస్తున్నాయి, బాబాయి దగ్గుతూ నవ్వడం, నాన్న తువ్వాలు, అన్నీ. మాట మాత్రం లేదు. నల్లగా ఉందనా, గొంతు పెద్దదనా, నాన్న ముక్కు వచ్చిందనా? ఏదో ఒకటి రాసి ముగిస్తే చనిపోయిన తల్లి మీద అబద్ధసాక్ష్యం పలికినట్టే. అది విన్న పెద్దవాళ్లలో ఆఖరి మనిషి బాబాయి. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన్ని ఆరోగ్యం అడిగాను, వర్షాలు అడిగాను. ఇది అడగాలని ఒక్కసారి తోచలేదు. కాగితం చించేశాను.

పెట్టెలు తీసుకెళ్లడానికి డ్రైవరొకడు వచ్చాడు, జగిత్యాల వైపు మనిషి. "ఏంది సిస్టర్, గింత బరువున్నయ్? బంగారమా?"

"పాత ఉత్తరాలు."

"ఉత్తరాలా! మా ముదీర్ అయితే కిందనే చెత్తడబ్బల ఏసి ఖలాస్ అంటుండె." తన మేనేజరుని తలుచుకుని నవ్వుకుంటూ, అయినా జాగ్రత్తగానే మోసుకెళ్లాడు.

ఇక్కడ మాకు ఆరాధన శుక్రవారాల్లోనే, మొన్న మా తెలుగు సంఘంలో అయ్యగారు పరలోకంలో ఉండే జీవగ్రంథం గురించి చెప్పారు. విమోచన పొందిన ప్రతి ఒక్కరి పేరూ అందులో ఉంటుంది, ఒక్కటీ తుడిచివేయబడదు అన్నారు. నేను ఆమేన్ అన్నాను, మనసారా అన్నాను. మా అమ్మ పేరు అందులో ఉందని నాకు ఏ సందేహమూ లేదు. కానీ అందులో ఉండేవి పేర్లు. అప్పుడే పుట్టిన నన్ను చూసి ఆమెకు నవ్వొచ్చి రాసిన ఆ మాట కూడా అక్కడ ఉంటుందని, ఇన్నేళ్లలో ఏ అయ్యగారూ చెప్పగా నేను వినలేదు.