దొంగ వాక్యం

మీ అమ్మాయి యూనివర్సిటీలో ఏం చేస్తాదని ఇందిరా నగర్‌లో ఎవరడిగినా మా అమ్మ తడుముకోకుండా "డబ్బాలు గీస్తాది" అని చెప్పేది. పైగా "ఇంగా అయిపోలా" అని ఒక నిట్టూర్పు కూడా. నాకు ఒళ్ళు మండేది. నిజానికి ఆవిడ చెప్పినదాంట్లో తప్పేం లేదు. డేటాబేస్ కట్టేముందు, అందులోకి ఎక్కబోయే లోకంలో ఏమేం ఉన్నాయో, వాటిలో దేనికి దేనితో సంబంధమో కాగితం మీద గీసుకోవాలి. వస్తువుకొక డబ్బా, సంబంధానికొక గీత. నా పీహెచ్‌డీ అంతా ఆ గీతల మీదే. పుదుచ్చేరి తేంగాయితిట్టు హార్బర్‌లో పడవ ఒడ్డుకి చేరిన దగ్గర్నుంచి చేప అమ్ముడుపోయేదాకా జరిగేదాన్ని తప్పులేకుండా గీయడం నా పని. అక్కడ తప్పు గీస్తే దాని మీద ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ కట్టినా దండగే.

ఆ పని నాకు నేర్పింది మా గైడు. సార్ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ముందు కోపమే వస్తుంది. అంత తొందరేం వచ్చింది సార్, నా థీసిస్ అయినా అవనివ్వకుండా, అని.

సార్ వాళ్ళూ మాలాగే ఎన్నో తరాల కిందట పుదుచ్చేరి చేరిన తెలుగువాళ్ళు. రెడ్డియార్‌పాళయంలో ఇల్లు. డిపార్ట్‌మెంట్‌లో ఇంగ్లీషు మాట్లాడేవారు, హార్బర్‌లో తమిళం, నన్ను తిట్టడానికి మాత్రం తెలుగు. "ఏంది ఇది? యాడ చూసి గీసినావు?" అని ఆయన కాగితం నా ముందుకు తోస్తే, ఏడుపు రావాల్సింది పోయి నాకు మా ఇంట్లో ఉన్నట్టుండేది.

ఆయన పద్ధతి ఒకటుంది. గీసిన ప్రతి గీతనీ మామూలు మాటల్లో ఒక వాక్యంగా మార్చాలి. దాన్ని ఆ పని చేసే మనుషులకి చదివి వినిపించి, నిజమా కాదా అని అడగాలి. నిజమని తేలితే సార్ నావైపు తిరిగి "రాసుకో" అనేవారు. ఆ ఒక్క మాట కోసం నేను పడిగాపులు కాసేదాన్ని. ఎందుకంటే ఆయన నోట ఎక్కువగా వచ్చేది "కాదు". ఒక పడవకి ఒకే ఓనరు అని నేను గీస్తే కాదన్నారు. నేను వాదించాను. అన్నదమ్ములు వాటాలేసుకుని కొన్న పడవ కంటబడేదాకా నన్ను ఎండలో హార్బరంతా తిప్పారు. అది దొరికినప్పుడు ఆయన మొహంలో సంతోషం చూడాలి. నాకేమో చేపల కంపుకి తల తిరిగిపోతోంది, కడుపు కాలిపోతోంది. ఏం మనిషిరా బాబూ అనుకున్నాను.

హార్బర్‌లో వాళ్ళు మంచివాళ్ళు. అదే వచ్చిన చిక్కు. చదువుకునే పిల్ల పాపం అడుగుతోంది కదా అని దేనికైనా అవునవునని "ఆమా, ఆమా" అనేస్తారు. అందుకని సార్ నిజమైన వాక్యాల మధ్య ఒక తప్పుడు వాక్యం దూర్చేవారు. దానికి దొంగ వాక్యం అని పేరు పెట్టారు. మొదటిసారి నా ఎదురుగానే, వేలం పాడే ఆయన్ని పట్టుకుని, గంప కొన్నవాడే సముద్రంలోకి వెళ్ళి ఆ చేపలు పట్టుకొచ్చాడు, నిజమా అని తమిళంలో అడిగారు. ఆయన తలెత్తకుండా "ఆమా సార్" అన్నాడు. సార్ పడీపడీ నవ్వారు. నవ్వి, ఆ పూట రాసుకున్నదంతా నాతో కొట్టేయించారు. దొంగ వాక్యానికి కూడా అవునన్నాడంటే అతను నీ మాట వినడంలేదు, నీ మీద అభిమానంతో తలూపుతున్నాడు, అంతే అని తిరుగుదారిలో చెప్పారు.

థీసిస్ చివరికొచ్చిందనగా సార్‌కి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మిగిలింది ఒక్క "ఊ". డిపార్ట్‌మెంట్‌లో గైడుని మార్చుకోమని మెల్లగానే, నా మంచికే చెప్పారు. నేను మొండికేశాను. సార్‌కి పోయింది మాటే గానీ తెలివి కాదు, ఆయన వింటారు, తప్పుంటే చెప్తారు, నేనే వెళ్ళి చదివి వినిపించుకుంటాను అని తెగేసి చెప్పాను. అలా అనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. అలా ఉండాలని ఆశ, అంతే.

అప్పట్నుంచి గురువారం గురువారం మధ్యాహ్నం బస్సెక్కి రెడ్డియార్‌పాళయం వెళ్ళేదాన్ని. సార్ భార్యని నేను అక్కా అని పిలుస్తాను. మేడమ్ అంటే ఆవిడ ఒప్పుకోదు. నేను వెళ్ళేసరికి ఆవిడ సార్‌కి గడ్డం గీయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి ఉండేది. ఇంగ్లీషు ఆయనకి అందుతున్నట్టు లేదని, నేను వాక్యాలన్నిటినీ మా ఇళ్ళల్లో మాట్లాడే తెలుగులోకి మార్చుకుని వెళ్ళేదాన్ని. "ఒక గంప ఒకే వేలంలో పోతాది సార్. నిజమేనా?" ఆయన నా పెదాలవైపే చూసేవారు. కాస్త ఆగి, "ఊ" అనేవారు. రాసుకో అని నాకు నేనే చెప్పుకుని పక్కన టిక్కు పెట్టుకునేదాన్ని.

ఒక్కదానికీ కాదనలేదు. ఏ గురువారమూ కాదనలేదు. ఇన్నేళ్ళకి నా మోడల్ అంత చక్కగా కుదిరిందని మురిసిపోయాను. నా మొహం!

కాఫీ గ్లాసు చేతికిస్తూ అక్క ప్రతిసారీ అదే మాట అడిగేది, ఈ పొద్దు ఏమన్నా తప్పు పట్టినారా అని. లేదక్కా, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు అని నేను చెప్పేదాన్ని. ఆవిడ సరేనని తలూపేది. నేను కాఫీ తాగి బస్సుకి పరిగెత్తేదాన్ని.

దొంగ వాక్యం మాత్రం నేనెప్పుడూ కలపలేదు. మర్చిపోయి కాదు, భయంతో. కాదనగలిగితే మా సార్ ఆ కుర్చీలో ఉన్నట్టు. అనలేకపోతే, నేను వారం వారం చదివి వినిపిస్తున్నది ఎవరికి? ఆ సంగతి తేల్చుకునే గుండె నాకు లేదు.

చివరికి తేల్చింది నా అజాగ్రత్తే. ఒక గురువారం తొందరలో పాత డ్రాఫ్టులోని కాగితం ఒకటి కొత్తవాటిలో కలిసిపోయింది. చూసుకోకుండా చదివేశాను. "ఒక పడవకి ఒకే ఓనరు. నిజమేనా సార్?" చదివాక గాని నాకు తెలియలేదు. ఆ వాక్యం కోసమే కదా నన్ను ఎండలో హార్బరంతా తిప్పింది. ఇప్పుడు తిడతారనుకున్నాను. నోటితో కాకపోయినా, కళ్ళతోనైనా తిడతారు. తిట్టండి సార్ అని లోపల మొక్కుకున్నాను.

"ఊ" అన్నారు.

అలసిపోయి ఉంటారు, మధ్యాహ్నం కదా అని సర్దిచెప్పుకున్నాను.  కాగితాలు పక్కన పెట్టేసి, కుర్చీ దగ్గరికి జరిగి, ఇక దాచుకునేదేముందని అడిగేశాను. "గంప కొన్నోడే సముద్రంలోకి పోయి ఆ చేపలు పట్టుకొచ్చినాడు. నిజమేనా సార్?" మేం తలుచుకుని తలుచుకుని నవ్వుకున్న మాట అది. స్కూటర్ మీద వస్తూ కూడా ఆయన ఉన్నట్టుండి గుర్తొచ్చి నవ్వేవారు. ఆయన నా పెదాలవైపు చూశారు. ఎంతో శ్రద్ధగా, ఎప్పటిలాగే చూశారు.

"ఊ."

మాటల్లో పెట్టలేను. ఎదురుగా కూర్చుని ఉన్న మనిషి కోసం ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన ముందు ఏడవకూడదని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అక్క పాలు పొంగకుండా చూస్తూ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. వెనక్కి తిరక్కుండానే ఎప్పటిలాగే అడిగింది, ఏమన్నా తప్పు పట్టినారా అని. లేదక్కా, అంతా సరిగ్గానే ఉందన్నారు అని చెప్పాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆవిడ పొయ్యి ఆపేసింది.

"నాకు తెలుసు పాపా" అంది. "ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తల్లోనే తెలిసిపాయ. మన పెండ్లి తిరుపతిలో జరిగినాది కదా అని అడిగినా. ఊ అన్నారు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "మా పెండ్లి ఈ మిద్దె మీదే జరిగినాది."

దొంగ వాక్యం గురించి సార్ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పి నవ్వించారో. నేను ఇన్నాళ్ళూ భయపడి చేయలేని పని ఆవిడ మొదట్లోనే, ఒక్కతే చేసింది. చేసి, ఎవరికీ చెప్పలేదు. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. మరి ప్రతివారం నన్నెందుకు రానిచ్చావు, తప్పు పట్టారా అని ఎందుకు అడిగావు అని నిలదీశాను.

"చెప్తే నువ్వు రావని" అంది అక్క. "నువ్వొచ్చి చదవతా ఉంటే, ఆయన పనిలో ఉండే మనిషి మాదిరి ఉంటారు. ఆ కొంచేపూ ఇంట్లో మీ సార్ ఉండినట్టే ఉండాది నాకు."

కోపమంతా ఎటుపోయిందో పోయింది. ఆవిడ భుజం పట్టుకుని ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. నన్ను పంపు దగ్గర మొహం కడుక్కోమంది.

కాఫీ గ్లాసులు పట్టుకుని ఇద్దరం హాల్లోకి వచ్చాం. సార్ కిటికీవైపు తిరిగి ఉన్నారు. పక్కన పెట్టిన నా కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకోబోయాను. వచ్చే సోమవారం డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి గైడుని మార్చుకుంటానని చెప్పాలి, అది ఇక తప్పదని అప్పటికే తెలిసిపోయింది. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా కోసం ఒకటి అడుగు" అంది. "నాకు అడిగేదానికి ధైర్యం లేదు."

ఏం అడగాలో చెప్పింది. ఆయన ఏమన్నా ఆ జవాబుకి విలువ లేదని ఇద్దరికీ తెలిసీ, నేను మళ్ళీ ఆయన ఎదురుగా కూర్చున్నాను. పెదాలు సరిగ్గా కనబడేలా, నిదానంగా చదివినట్టే అడిగాను.

"సార్‌కి ఒళ్ళు బాగైపోతాది. మళ్ళీ హార్బర్‌కి వస్తారు. నిజమేనా సార్?"

ఆయన చాలాసేపు నన్ను చూశారు. ఆ తర్వాత అక్కని చూశారు.

"ఊ" అన్నారు.

అక్క వంగి ఆయన చొక్కా కాలరు సర్దింది. నావైపు తిరక్కుండానే, "రాసుకో పాపా" అంది.

రాసుకున్నాను.