అన్న పెట్టిన పదును

మొన్న చిల్లకల్లు దగ్గర హైవే పక్కన కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలులో మా బంధువుల పెళ్ళి. పొద్దున్నే టిఫిన్లకి కూర్చున్నాం. ఎప్పుడో కోసి ఉంచాల్సిన పచ్చికని అప్పుడు కొయ్యడం మొదలుపెట్టారు, కిటికీ అవతల గడ్డి మిషను మోత. అందరికీ అది ఉత్త మోతే. మా ఆయన మాత్రం ఇడ్లీ తుంచిన చేత్తోనే ఆగిపోయి, చెవి అటు పెట్టారు. "ఆ బ్లేడు ఒకవైపు బరువుంది. ఆపమని చెప్పొస్తా" అని ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచారు. వడ్డనలో ఏదో లోటు జరిగిందనుకుని పెళ్ళికొడుకు మేనమామ చట్నీ గిన్నెతో సహా వెనకాలే పరిగెత్తాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఎడమ కాలి ఎముక మీద పాత మచ్చ సలిపినట్టయింది.

మా ఆయనా, ఆయన అన్నగారూ, అంటే మా బావగారూ, కలిసి ఒక పెట్రోలు గడ్డి మిషను కొనుక్కుని నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా గెస్ట్‌హౌసుల్లో, ఫ్యాక్టరీ క్వార్టర్లలో, ఫంక్షన్ హాళ్ళలో పచ్చిక కోసే రోజులవి. నడపడం మగవాళ్ళ పని. మిషనుకి ముందు నడుస్తూ రాళ్ళూ సీసాపెంకులూ ఏరడం నా పని. కోసిన గడ్డి ఊడ్చి గోతాలకెత్తడం మా తోడికోడలు అక్క పని. ఆ గడ్డి తిని మా గేదె ఫ్యాక్టరీ ఆఫీసర్లా బలిసింది. నందిగామలో ఒకే వాకిలి, రెండు వాటాలు. ఆ వాకిట్లోనే బ్లేడుకి పదును పెట్టేవాళ్ళు.

ఆ బ్లేడు మూరెడు పొడుగున్న ఇనప బద్ద. మధ్యలో బోల్టు పట్టే బెజ్జం, రెండు చివర్లా పదును. బావగారు దాన్ని గ్రైండరుకి ఆనించారంటే నిప్పురవ్వలు అరుగు దాకా ఎగిరేవి. "అది లుంగీ కాదు, జల్లెడ" అనేది అక్క, చిల్లులు పడ్డ లుంగీ ఆరేస్తూ. మా ఆయనది ఆకురాయి పద్ధతి. గోనెగుడ్డ చుట్టి ఒక చివర నన్ను తొక్కిపట్టమని, రెండో చివర ఓపిగ్గా రాసేవారు. రాశాక గోడకున్న మేకుకి బెజ్జంతో తగిలించి చూసేవారు. బద్ద అడ్డంగా నిలబడితే రెండు వైపులా సమానమన్నట్టు. ఒక చివర కిందికి దిగితే అటు బరువెక్కువ, అటు వీపు మీద ఇంకాస్త అరగదీయాలి. బరువు తేడా ఉన్న బ్లేడు తిరిగితే మిషను వణికి బోల్టు వదులవుతుంది. అది ఊడొస్తే ఎవరి కాళ్ళు పోతాయో చెప్పలేం. చెప్పలేమేముంది, ముందు నడిచేది నేనే.

బావగారు మేకు జోలికి పోరు. నా కన్నే తూకం అనేవారు. అన్న పెట్టిన పదునుని తమ్ముడు తిరిగి తూచడమన్నది మా ఇంట్లో లేదు. వదిన వడ్డించిన అన్నం వాసన చూసి తినడం లాంటిదది.

ఒకరోజు జగ్గయ్యపేటలో ఒక గెస్ట్‌హౌసు పచ్చిక కోస్తుంటే, బావగారు పదును పెట్టిన బ్లేడుతో మిషను చలిజ్వరం వచ్చినట్టు వణికింది. కింద ఇరుక్కున్న కంకర రాయి తుపాకీ గుండులా వచ్చి నా కాలికి తగిలింది. చర్మం విచ్చుకుని తెల్లగా ఎముక కనపడింది. రక్తం ఆ తరవాత వచ్చింది.

"రాళ్ళు సరిగా ఏరితే ఇట్టా కాకపోను గదమ్మాయ్" అన్నారు బావగారు, మిషను ఆపకుండానే.

మా ఆయన తువ్వాలు చించి నా కాలికి కట్టారు. ఇంటికొచ్చాక అక్క నా చెవిలో, "ఈసారి వచ్చేది రాయి కాదే, బ్లేడు. కాళ్ళు జాగ్రత్త" అంది.

మర్నాడు పొద్దున బావగారు రాయి తగిలి ఆ బ్లేడుకి పడ్డ నొక్కు పోయేదాకా గ్రైండరు పట్టి, అరుగు మీద పెట్టి స్నానానికి వెళ్ళారు. మా ఆయన నా కట్టు వైపు చూశారు. లేచి బ్లేడు తీసుకుని మేకుకి తగిలించారు. ఒక చివర తాగినవాడి తలలా టక్కున వాలిపోయింది. ఆకురాయి అందుకుంటుండగా బావగారు తల తుడుచుకుంటూ వచ్చారు.

"ఏందిరా అది? నా పనికి తూకమేస్తన్నావా?"

"నీ పనికి కాదన్నా. బ్లేడుకి."

"ఆడదాని కాలికి గీత పడితే అన్న దొంగైపోయాడంట్రా?"

"దాని కాళ్ళు పోతే నువ్విస్తావా?"

బావగారు బ్లేడు ఒక చివర పట్టి లాగారు. మా ఆయన రెండో చివర పట్టుకున్నారు. అప్పుడే గ్రైండరు పట్టిన పదును. ఇద్దరి పిడికిళ్ళలోంచీ రక్తం కారి ముగ్గు మీద పడింది. వదలరు. నుదుళ్ళు కొట్టుకున్నాయి, బావగారి పెదవి చిట్లింది. మోకాలితో పొట్టలో పొడిస్తే మా ఆయన వంగిపోయారేగానీ వేళ్ళు విప్పలేదు. లాగినకొద్దీ ఇనుము లోపలికి దిగుతోంది. గోనెసంచి కోస్తున్నప్పటి చప్పుడు వినపడింది నాకు.

"వదలరా."

"ముందు నువ్వొదులు."

ఎవరు వదిలితే వాళ్ళు ఓడిపోయినట్టు. అసలు ఓడేది చేతులని ఇద్దరికీ తట్టలేదు. నేను కుంటుకుంటూ వెళ్ళి బ్లేడు నడుం పట్టుకున్నాను. అక్కడ పదునుండదు. "ఇది నా కాళ్ళ కోసమైతే నాకిచ్చెయ్యండి" అన్నాను. వినలేదు. అక్క ప్రభువుని పిలుస్తూనే కుడితి బకెట్ ఎత్తి ముగ్గురి మీదా కుమ్మరించింది. కళ్ళల్లో తవుడు పడ్డాక గానీ పిడికిళ్ళు విడలేదు. బ్లేడు బరువంతా నా చేతిలోకి వచ్చింది.

దొరికిన ఒక్క పాత చీరనే ఇద్దరి చేతులకీ కలిపి చుట్టి ఇద్దర్నీ ఒకే ఆటోలో ఎక్కించాం. ఆస్పత్రి దాకా తిట్టుకుంటూనే ఉన్నారు. ఏమైందని నర్సమ్మ అడిగితే, "గడ్డి మిషన్లో తెగిందండి" అన్నారు బావగారు.

"ఇద్దరికీ ఒకేసారా?"

"మిషను ఒకటే గదమ్మా" అన్నారు మా ఆయన. ఆ పూటంతటిలో వాళ్ళిద్దరూ ఏకమైన మాట అదొక్కటే. కాగితం మీద నన్ను వేలిముద్ర వెయ్యమన్నారు. అప్పటికి నాకు సంతకం రాదు. బొటనవేలికి ఇంకు కూడా అక్కర్లేకపోయింది.

మా ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్ళూ ఆనాటి నుంచి ముడవవు. బావగారి అరచేతిలో కుట్లు జెర్రిలా మిగిలాయి. అన్నదమ్ములకి మాటలు పోయాయి. గడ్డికి అదేం తెలుసు, వానపడితే పెరుగుతుంది. కుట్లు విప్పాక బావగారు ఒకరోజు మళ్ళీ గ్రైండరు ముందు కూర్చున్నారు. చెయ్యి సరిగా పట్టక ఆగి ఆగి పని ముగించారు. మా ఆయన వాకిట్లోనే ఉన్నారు, తల తిప్పి గేదెని చూస్తున్నారు. బావగారు బ్లేడు తెచ్చి ఆయనకి కాదు, నాకిచ్చారు.

"ముందు నడిచేది నువ్వు గదమ్మాయ్. నువ్వే చూసుకో."

తగిలించాను. బద్ద ఊగి ఊగి కొంచెం వాలింది. తీసి మళ్ళీ తగిలించాను, మళ్ళీ అటే వాలింది. "ఎడం పక్క దిగుతోంది బావగారూ" అన్నాను చివరికి. ఆయన దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ కూర్చున్నారు. ఆ రోజు వాకిట్లో గ్రైండరు మోత ఆగి, మొదలై, ఆగి, మొదలైంది. బద్ద అడ్డంగా నిలబడ్డాకే మిషనుకి బిగించారు. తూకం చూడటం అప్పటి నుంచి నా పనయింది.

తరవాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. ఎప్పుడు, దేనికి మొదలుపెట్టారో అడిగితే మా ఆయన చెప్పలేరు, అక్క చెప్పలేదు, నాకూ గుర్తులేదు. కోపం వచ్చిన పూట ఏ వెలుగులో ఏది ఎక్కడుందో అంతా కళ్ళకు కట్టినట్టుంది గానీ, అది పోయిన రోజు మాత్రం మామూలు రోజుల్లో కలిసిపోయి, ఎంత వెతికినా దొరకడం లేదు.