కేలండర్‌లో సమ్మమ్మ నంబరు

వరంగల్ కొత్తవాడలో రాయమల్లు ఇంటి ముందు గదిలో రెండు మరమగ్గాలున్నాయి. వాటి మీద అతను తువ్వాళ్ళు నేస్తాడు. వెనక గదిలో అతని భార్య సమ్మమ్మ నూలు కండెలు చుడుతుంది. ఆ మగ్గాల చప్పుడులోనే ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి కాబట్టి కరెంటు పోయిందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక మగ్గం ఆగితే దారం తెగినట్టు, రెండూ ఆగితే కరెంటు పోయినట్టు.

ఆ ఏడు జనవరిలో ఓ మధ్యాహ్నం రెండూ ఆగాయి. వెంటనే సమ్మమ్మ ఫోను మోగింది.

"హలో, కరెంటెప్పుడొస్తది?"

ములుగులో ఉండే చెల్లెలు ఆటపట్టిస్తోందనుకుంది సమ్మమ్మ. "అది వచ్చినప్పుడొస్తది" అంది.

"గట్లంటరేంది మేడం? మోటరేస్తే ట్యాంకుల నీళ్ళు సగమే ఎక్కినయి."

చెల్లెలు కాదు. నంబరు తప్పని చెప్పి పెట్టేసింది. అరగంటలో ఇంకో ఎనిమిది మంది చేశారు. ఒకాయన మర్యాదగా అడిగాడు, ఒకావిడ జీతాలు దండగన్నది. తొమ్మిదో మనిషిని సమ్మమ్మే అడిగింది. "ఈ నంబరు నీకెవలిచ్చిండ్రు బిడ్డా?"

"కేలండర్ల ఉన్నదమ్మా. కాలనీ కమిటీది."

సమ్మమ్మ తలెత్తి తన గోడకే వేలాడుతున్న కేలండర్ వంక చూసింది. పోలీసు, అంబులెన్సు, కింద ఎర్ర అక్షరాల్లో కరెంటు ఆఫీసు. దాని పక్కన తన నంబరు. మూడు వారాలుగా రోజూ తిథి చూసుకుంటూ కూడా గమనించలేదు. రాయమల్లు ఆగిన మగ్గం మీద చెయ్యి పెట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

కేలండర్ అచ్చు వేయించింది కమిటీ కార్యదర్శి చంద్రమౌళి. సమ్మమ్మ వెళ్ళి అడిగితే పాపం తల గోక్కున్నాడు.

"ఆరు, తొమ్మిది తారుమారైనయి అక్కా. నాలుగొందల కేలండర్లు పంచినం. ఇప్పుడేం చెయ్యాలె?"

"నన్నడుగుతానవా?"

"నువ్వే జర నంబరు మార్చుకోరాదు?"

"పదహారేండ్ల సంది ఇదే నంబరు. గ్యాసు, బ్యాంకు, ఆధారు అన్నీ దీనికే ఉన్నయి. కరెంటాఫీసోళ్ళనే మార్చుకొమ్మను."

చంద్రమౌళి సరైన నంబరుతో చీటీలు కొట్టించి ఇంటింటికీ అంటించాడు. ఎండలు ముదిరేసరికి జిగురు ఎండిపోయి చీటీలన్నీ రాలిపోయాయి. ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి.

ఇక లాభం లేదని సమ్మమ్మ పద్ధతి మార్చింది. తమ లైన్‌మన్ మొగిలయ్య నంబరు సంపాదించి, ఏం అడగాలో అతని దగ్గరే నేర్చుకుంది. "మీ ఒక్కింటికే పోయిందా, పక్కింటికి గూడ పోయిందా?" అన్నది మొదటి ప్రశ్న. ఒక్కింటికే అయితే లోపలి మెయిన్ స్విచ్ చూసుకోమనేది. ఫోన్లలో సగం అక్కడే తేలిపోయేవి. మిగతావి మొగిలయ్యకు చెప్పేది. ఎంతసేపు పడుతుందో అతను చెబితే ఆ మాటే అందరికీ అందించేది. అయినా ప్రతి ఫోనుకూ ముందు "ఇది ఆఫీసు గాదు, మా ఇల్లు" అని చెప్పడం మాత్రం మానలేదు. లేనిపోని పేరు తనకెందుకని ఆమె పట్టుదల.

మే నెలలో ఒకనాడు సాయంత్రం అయిదింటికి గాలిదుమారం లేచింది. మగ్గాలు ఆగాయి. రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి. ఫోను మోగింది. అవతల ఒక ఆడపిల్ల గొంతు, వణుకుతోంది.

"మేడం, నా పేరు పద్మలత. వెనక గల్లీల కొత్తగ దిగినం. కరెంటు తీగె తెగి మా వాకిట్ల దండెం మీద పడ్డది."

"దూరం జరుగు బిడ్డా. ఎవలూ ముట్టొద్దు."

"మా అత్తమ్మ నా మాట ఇంటలేదు. బట్టలు తడుస్తానయని కట్టెతోని తీగె జరుపుతా అంటాంది. కట్టె గూడ తడిసే ఉన్నది."

కరెంటు పోయింది కదా అని ఆ అత్తగారి ధైర్యం. కానీ సమ్మమ్మకు కిటికీలోంచి ఎదురు వరసలో లైటు వెలుగుతూ కనిపించింది. ఆ తీగెలో కరెంటు ఉందో లేదో ఎవరికి తెలుసు?

"ఫోను మీ అత్తమ్మకియ్యి."

"ఎవలది?" అన్నది ఒక మొండి గొంతు.

నాలుగు నెలలుగా కాదు కాదన్న మాటే సమ్మమ్మ నోట గట్టిగా వచ్చింది. "కరెంటాఫీసు నుంచి మాట్లాడుతాన్న. ఆ కట్టె కింద పడేసి ఇంట్లకు నడువు. తీగె ముట్టినవంటే మీ మీటర్ గుంజుకపోతం."

అవతల కట్టె నేల మీద పడ్డ శబ్దం వినిపించింది.

రాయమల్లు అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. సమ్మమ్మ ఫోను ఖాళీ లేదు గనక, మూడు గల్లీల అవతల స్తంభం దగ్గరున్న మొగిలయ్యను సైకిల్ మీద వెళ్ళి పట్టుకున్నాడు. మొగిలయ్య సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైను ఆపించేదాకా సమ్మమ్మ పద్మలతతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. మీది ఏ ఊరు, ఏం కూర వండినవ్, ఏదైతేనేం. తీగెలో కరెంటు ఉందని మొగిలయ్య తర్వాత చెప్పాడు. ఆ రాత్రి సమ్మమ్మకు అన్నం సయించలేదు.

నాలుగో రోజు ఒక పెద్దావిడ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"కరెంటాఫీసు మేడం ఇల్లు ఇదేనా? మొగిలయ్య చెప్పిండు."

రాయమల్లు నవ్వు ఆపుకుంటూ వెనక గది చూపించాడు. వచ్చినావిడ పేరు విమలమ్మ, పద్మలత అత్తగారు. కండెల మధ్య, జుట్టు నిండా నూలుపోగులతో కూర్చున్న సమ్మమ్మను పై నుంచి కిందికి చూసింది.

"నువ్వేనా మేడం?"

"నేనే అక్కా. మేడాన్ని మాత్రం గాదు. అబద్దమాడిన."

విమలమ్మ మెల్లగా పీట మీద కూలబడింది. "నా కోడలు చెప్తే ఇనలే. నా కొడుకున్నా ఇనకపోదును. మీటర్ గుంజుకపోతరంటే భయమైంది. మల్ల మీటర్ కోసం ఆఫీసుల చుట్టూ ఎవడు తిరుగుతడు?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే విమలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, డబ్బా మూత తీసింది. కొత్త మామిడికాయ తొక్కు. గదంతా ఆవపిండి వాసన.

ముందు గదిలో రాయమల్లు మగ్గాలు నడిపించాడు. ఆ చప్పుడుకు ఒకరి మాట ఒకరికి సగమే వినపడుతోంది. అయినా విమలమ్మ లేవలేదు. పీట ఇంకాస్త దగ్గరికి లాక్కుని, గొంతు పెంచి, తన పుట్టిల్లు పాలకుర్తి సంగతులు మొదలుపెట్టింది.