అత్తగారి కంటిచుక్కలు, మామగారి సైన్సు

మామగారికి ఉన్నది ఒకటే అలవాటు. నోట్లోంచి ఏ మాట వచ్చినా దాని తోకకి సైన్సు కట్టి వదులుతారు. తల తుడుచుకోకుండా అద్దం ముందు నిలబడకూడదు, సైన్సు. నిలబడి నీళ్ళు తాగితే మోకాళ్ళు బరువెక్కుతాయి, సైన్సు. రాత్రి వార్తలయ్యాక టీవీ నడవకూడదు, అది మరీ పెద్ద సైన్సు. ఆ వేళకి ఆయనకి నిద్ర ముంచుకొస్తుంది.

ఆయన వృత్తి ఫ్రిజ్‌లు బాగుచేయడం. ఫ్రిజ్ విషయంలో మాత్రం సైన్సు ఊసెత్తరు, చెవి ఆనించి విని నిశ్శబ్దంగా బాగుచేసేస్తారు. తనకు తెలియని విషయాలకే సైన్సు కావాలి. వీధిలో అందరూ ఆయన్ని సైంటిస్టు అని పిలుస్తారు. వెక్కిరింపుగా మొదలైన ఆ పేరుని ఆయన బిరుదుగా తీసుకుని హాయిగా ఉన్నారు.

అలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన అమ్మాయి ఫార్మసీ చదివింది. మందుల షాపులో ఉద్యోగం. మందుల గురించి ఎవరైనా తప్పు మాట చెబితే ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టు ఉంటుంది ఆమెకి. వచ్చిన కొత్తలో మామగారితో వాదించేది.

"ఇది ఎవరు కనిపెట్టారు మామయ్యగారూ?"

"సైన్సు కనిపెట్టింది."

"ఏ సైన్సు?"

"సైన్సులో మళ్ళీ రకాలేంటమ్మాయ్? ఉన్నది ఒకటే."

దాంతో వాదన ముగిసేది. గోడతో మాట్లాడినా కాస్త ప్రతిధ్వని వస్తుందని కోడలు భర్త దగ్గర వాపోయేది. భర్త పుట్టినప్పటి నుంచీ ఆ సైన్సులోనే పెరిగినవాడు కాబట్టి తలూపి ఊరుకునేవాడు.

అత్తగారు ఇంట్లోనే స్కూలు యూనిఫాంలు కుడతారు. కాలర్లు, జేబులు, మళ్ళీ కాలర్లు. ఆవిడ కళ్ళలో నీరు ఊరదు. రెప్ప వేసి తీస్తే ఇసుక రాసుకున్నట్టు మంట. కోడలి షాపులో దొరికే చుక్కల మందులన్నీ అయ్యాక, కంటి డాక్టరు ఒక దారి చెప్పాడు. ఆవిడ రక్తమే కొంత తీసి, గడ్డకట్టనిచ్చి, పైకి తేలిన పసుప్పచ్చని సీరాన్ని వేరుచేసి, సెలైన్ కలిపి, చిన్న చిన్న సీసాల్లో పోసి ఇస్తారు. వాటిని ఫ్రీజర్‌లో దాచుకుని ఒక్కొక్కటే కరిగించి కంట్లో వేసుకోవాలి. సీసాలు అయిపోవచ్చేసరికి మళ్ళీ వెళ్ళి రక్తం ఇవ్వాలి.

"ఒళ్ళంతా తనంతట తానే తిరిగే రక్తం, కంటికి మాత్రం సీసాలో ఎక్కి వెళ్ళాలా?" అన్నారు అత్తగారు. కానీ ఆ చుక్కలు పడ్డాక ఆవిడ మళ్ళీ సూదిలో దారం ఎక్కించగలిగారు.

మామగారు వెంటనే ఫ్రీజర్‌ని స్వాధీనం చేసుకున్నారు. ఐసు ట్రేకి కూడా అందులో చోటు లేదు.

"ఐసు పక్కన పెడితే సీరం బెదురుతుంది," అన్నారు.

"సీరం ఎందుకు బెదురుతుంది మామయ్యగారూ?"

"నిన్ను తీసుకెళ్ళి కొత్త ఊళ్ళో కొత్తవాళ్ళ మధ్య కూర్చోబెడితే నువ్వు బెదరవా?"

కిందటిసారి మాత్రం రక్తం ఇవ్వడానికి వెళ్ళిన అత్తామామలిద్దరూ ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. అక్కడి మిషను పాడైందట, తర్వాత రమ్మన్నారట. ఉన్న సీసాలు అయిపోయాయి. అత్తగారు తడిగుడ్డ కళ్ళమీద వేసుకుని కూర్చోవడం మొదలైంది. ఒక చొక్కాకి జేబు తిరగేసి కుట్టి, అది చూసుకుని తనే నవ్వారు గానీ, ఇంట్లో ఇంకెవరికీ నవ్వు రాలేదు. ఈసారి కూడా చుక్కలు ఆలస్యమైతే నల్లగుడ్డు మీద మచ్చ పడుతుందనీ, పడిన మచ్చ పోదనీ డాక్టరు చెప్పాడు. ఖాళీ ఫ్రీజర్‌కి మామగారు యథాప్రకారం కాపలా కాస్తూనే ఉన్నారు.

సరిగ్గా అప్పుడు కొత్త సైన్సు పుట్టింది.

"మనిషి ఏ మనసుతో ఉంటే రక్తానికి ఆ గుణం పడుతుంది," అని భోజనాల దగ్గర ప్రకటించారు మామగారు. "ఆ రక్తమే రేపు కంట్లో పడేది. విసుగులో తీసిన రక్తమైతే సీసాలు అయ్యేదాకా లోకమంతా విసుగ్గా కనిపిస్తుంది. అలసటలో తీస్తే చుక్కలు కూడా అలసిపోయి కంటి అంచునే కూలబడతాయి, లోపలికి దిగవు. అందుకని రక్తం తీసేలోపు ఈ వారమంతా మీ అత్తగారు కుట్టుమిషను ముట్టుకోకూడదు. వంటింట్లోకి రాకూడదు. అందరికన్నా ముందు తినాలి. గుడ్డు, ఆకుకూర, పండ్లు. మధ్యాహ్నం నిద్ర. ఆవిడ నిద్రపోతుంటే ఈ ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు."

"ఇంతకుముందు తీసినప్పుడు లేదే ఈ నియమం?" అంది కోడలు.

"సైన్సు ఎదుగుతూ ఉంటుందమ్మాయ్."

అత్తగారు మొదట నవ్వేశారు. తర్వాత అనుమానంగా అడిగారు. "నిజంగా మందు పాడైపోతుందా?"

"మొత్తం పారబోయాల్సిందే."

ఆ మాటకి ఆవిడ లొంగిపోయారు. ఏ వస్తువైనా పాడవుతుందంటే ఆవిడ ప్రాణం ఒప్పుకోదు. మిగిలిపోయిన కూర పారబోయలేక అదే తన భోజనం చేసుకునే మనిషి. గుడ్డముక్కలు పారేయలేక ఇంటినిండా వాటితో కుట్టిన దిండ్లే.

అలా మొదలైంది రక్తం తీసే వారం. తాగిన గ్లాసు తాగినచోటే వదిలే మామగారు గిన్నెలు తోమారు. కొడుకు వంట చేశాడు. ఆ వంట తిన్నాక కూడా అత్తగారు ప్రసన్నంగా ఉండాలన్నది నియమం కాబట్టి ఉన్నారు. గుడ్డు సగం విరిచి కొడుకు కంచంలో వేయబోతే మామగారు గరిటె అడ్డం పెట్టారు.

"అది వాడి గుడ్డు కాదు. నీ కంటిచుక్క."

కోడలు కొన్నాళ్ళు ఓపిక పట్టింది. కానీ చదివిన చదువు ఊరుకోనివ్వలేదు. మామగారు ఫ్రిజ్‌లు బాగుచేసే షెడ్డుకి వెళ్ళాక అత్తగారి పక్కన కూర్చుని మెల్లగా విడమరిచి చెప్పింది. "అత్తయ్యగారూ, కోపానికీ అలసటకీ సీరంతో ఏ సంబంధమూ లేదు. మీ మనసు ఎలా ఉన్నా మందు మందుగానే ఉంటుంది. మామయ్యగారు ఊరికే భయపెడుతున్నారు."

"అంతేనా? పాడవదా?"

"పాడవదు."

"ఈ మాట మొదటిరోజే చెప్పకపోయావా తల్లీ," అని అత్తగారు లేచి చీర కొంగు దోపుకున్నారు. సాయంత్రానికి కాలర్ల కుప్ప సగానికి దిగింది. మధ్యాహ్నం గుడ్డు కొడుకు కంచంలోకి చేరింది.

మామగారు వచ్చి చూశారు. మిషను బెల్టుని వేలితో ఒకసారి మీటి లోపలికి వెళ్ళారు. ఆయన వాదనకే దిగకపోవడంతో కోడలికి గెలిచిన సంతోషం కూడా సరిగ్గా దక్కలేదు.

మర్నాడు పొద్దున అత్తగారి మిషనుకి బెల్టు లేదు. ఇల్లంతా వెతికారు. తడిగుడ్డకి చన్నీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచిన కోడలు, పనిలో పనిగా ఫ్రీజర్ కూడా తెరిచింది. ఐసు ట్రేకి కూడా చోటివ్వని ఆ ఫ్రీజర్ మధ్యలో తోలు బెల్టు చుట్ట చుట్టుకుని ఉంది.

"మామయ్యగారూ, ఇదేంటి?"

"తోలు వేడెక్కింది. చల్లబడాలి."

"ఎన్నాళ్ళు?"

"ఆసుపత్రికి వెళ్ళొచ్చేదాకా." ఎందుకో ఈసారి సైన్సు అని తగిలించలేదు. ఫ్రీజర్ తలుపు మూసి, చెవి ఆనించి కాసేపు విని వెళ్ళిపోయారు.

బెల్టు లేని మిషను ముందు కూర్చుని చేసేదేమీ లేక అత్తగారు మళ్ళీ విశ్రాంతిలో పడ్డారు. పని లేనప్పుడు ఆవిడకి ఆకలేస్తుందన్న సంగతి ఆ ఇంట్లో అప్పుడే బయటపడింది.

ఆసుపత్రికి కోడలు కూడా బయలుదేరింది. రక్తం తీసేవాళ్ళనే అడిగి, మామగారి సైన్సుకి ఒకేసారి శాశ్వతంగా తెర దించాలని ఆమె ఉద్దేశం. అత్తగారి వేలు పొడిచి చూసిన ల్యాబు ఆవిడ నవ్వి, "ఈసారి బాగుందమ్మా, పడుకోండి," అంది. వరండాలో మామగారు అటూ ఇటూ తిరుగుతూ తిరుగుతూ ఆ మాట వినగానే కుర్చీలో కూలబడి, ఇంతసేపూ ఏమీ కానట్టు అక్కడున్న ఫ్రిజ్ వంక చూస్తూ, "దీని కంప్రెసర్ మూలుగుతోంది," అన్నారు.

రక్తం సంచి నిండాక, లేబులు అంటించడానికి బల్ల దగ్గరికి వచ్చిన ల్యాబు ఆవిడని కోడలు పక్కకి పిలిచి అడిగింది. "రక్తం తీసేటప్పుడు మనసు బాగోకపోతే చుక్కలు పాడవుతాయా?"

ఆవిడ కోడలిని ఎగాదిగా చూసింది. "మీరు కోడలా? మందుల షాపు అమ్మాయి?"

"అవును. మీకెలా తెలుసు?"

"మీ మామగారు చెప్పారు. మా కోడలు వచ్చి అడుగుతుంది, మీరు కాస్త నసగండి అన్నారు." ఆవిడ గొంతు తగ్గించింది. "కిందటిసారి మీ అత్తగారికి రక్తం ఉండాల్సినదానికన్నా తక్కువుంది. ఆ స్థితిలో తీయకూడదు, తిప్పి పంపేశాం."

"మిషను పాడైందన్నారే."

"మీకు అలా చెప్పారా? తిండీ విశ్రాంతీ ఉంటే తప్ప ఈసారి కూడా తీయలేం అని ఆయన్ని పక్కకి పిలిచి గట్టిగా చెప్పాను. ఆయన ఏమన్నారంటే, ఆవిడ కోసం ఆవిడని తినమంటే తినదమ్మా, పడుకోమంటే పడుకోదు, మందు పాడవుతుందంటే మాత్రం చేస్తుంది అన్నారు."

"మాతో చెప్పుంటే మేమే చూసుకునేవాళ్ళం కదా."

"మీకు చెబితే మీరు నిజం చెప్పేస్తారట. మీకు అబద్ధం చేతకాదట." ఆవిడ నవ్వి లేబులు అంటించింది. "ఆ మాట గర్వంగానే చెప్పారు లెండి."

కోడలికి చెవులు వేడెక్కాయి. నిజం చెప్పేసింది కూడా. గుడ్డు దారి మళ్ళించింది, మిషను తొక్కించింది, పైగా గెలిచానని అనుకుంది. మామగారి మీద కోపం వచ్చింది, ఆ కోపం కింద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. కుర్చీలో కూర్చుని కంప్రెసర్ మూలుగు వింటున్న మనిషికి గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో అత్తగారు కిటికీ పక్కన కూర్చున్నారు. మోచేతి మడతలో దూది అదిమి పట్టుకుని, "అమ్మయ్య, వారం గడిచింది," అన్నారు. "ఇంటికెళ్ళగానే ఆ కాలర్ల సంగతి చూడాలి. ఏమండీ, మీ బెల్టు చల్లబడిందా?"

మామగారు నోరు తెరిచారు. రక్తం తీసేదాకానే నియమం పెట్టుకున్నారు గానీ, తీశాక ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. బస్సు కప్పు వంక చూశారు, అక్కడా ఏ సైన్సూ దొరకలేదు.

"కుదరదు అత్తయ్యగారూ," అంది కోడలు.

"ఏం కుదరదు?"

"మిషను తొక్కడం. తీసిన రక్తమూ మీ ఒంట్లో ఉన్న రక్తమూ ఒకటే కదా. అక్కడ సీసాల్లో సీరం కుదురుకునేదాకా ఇక్కడ మీరూ కుదురుగా ఉండాలి. మీరు ఇక్కడ అలసిపోతే అక్కడ సీరం అడుక్కి దిగిపోతుంది. మొత్తం పారబోయాల్సిందే." చెబుతుంటే ఆమెకే ఆశ్చర్యంగా ఉంది, మొదటి వాక్యం దాటాక మిగతాది దానంతట అదే వచ్చేసింది. "గుడ్డు కూడా మానకూడదు. ఇంకో వారం."

అత్తగారు భర్త వంక, కోడలి వంక చూసి నిట్టూర్చారు.

"సరేలే. ఈయన చెప్పుంటే నమ్మేదాన్ని కాదు. చదువుకున్నదానివి, నువ్వు అబద్ధం చెప్తావా?"

ఆవిడ కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు. మామగారు మెల్లగా కోడలి వైపు వంగారు.

"వారమేనా అమ్మాయ్?" అన్నారు గొంతు తగ్గించి. "నేనైతే రెండు వారాలు అనేవాణ్ణి."